బొగ్గు అయిపోయింది, నీళ్లు ఆగలేదు: జర్మనీలో ఓ చిన్న గని కథ

ఇవాళ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. బొగ్గు గని మూసేశాక దాని మీద ఇంకా ఎన్నాళ్లు ఖర్చు పెట్టాలి? "మూసేశాక ఖర్చేంటి బ్రో, తాళం వేసి వెళ్లిపోవడమే కదా" అంటారేమో. నేనూ అలాగే అనుకున్నా. కానీ జర్మనీ వాళ్ల లెక్క వేరే ఉంది. అది అర్థం కావాలంటే ఒక చిన్న గని కథ తెలియాలి.

జర్మనీ పశ్చిమాన రూర్ అనే నది ఉంది. దాని ఒడ్డున విట్టెన్ అనే ఊరు, ఆ ఊరి పక్కన ముట్టెన్‌టాల్ అనే లోయ. అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. పందులు కాసే కుర్రాడొకడు చలికి నేల మీద మంట వేసుకున్నాడట. పొద్దున చూస్తే కింద ఉన్న నల్ల రాళ్లు ఎర్రగా కాలుతున్నాయట. ఇది కథే, చరిత్ర కాదు. కానీ ఇందులో ఒక నిజం ఉంది. ఆ లోయలో బొగ్గు పొరలు నేల పైదాకా వచ్చి ఉంటాయి. పెద్దగా తవ్వక్కర్లేదు.

అక్కడి గనుల్లో ఒకదాని పేరు నాఖ్టిగాల్. నైటింగేల్ పక్షి పేరే అది. 1714 నాటి రికార్డుల్లోనే ఈ పేరు కనిపిస్తుంది. మొదట్లో పని సింపుల్. కొండ పక్క నుంచి అడ్డంగా సొరంగం తవ్వుతారు, బయటికి కొంచెం వాలుగా. బొగ్గు బండ్లు బయటికి వస్తాయి, ఊరిన నీళ్లు వాటంతట అవే బయటికి పోతాయి. పంపు లేదు, కరెంటు లేదు.

ఇక్కడే ట్విస్ట్. నది మట్టానికి పైన ఉన్న బొగ్గు అయిపోయింది. ఇంకా కావాలంటే కిందికి దిగాలి. దిగితే నీళ్లు వాటంతట అవి పోవు, తోడాల్సిందే. హెర్క్యులిస్ అనే షాఫ్ట్, అంటే మన కోల్‌బెల్ట్‌లో బాయి అంటాం చూడండి, అలాంటిది నిలువుగా తవ్వడం మొదలుపెట్టారు. నీళ్లు తోడడానికి ఆవిరి యంత్రాలు వచ్చాయి. ఆ యంత్రాలు నడవాలంటే మళ్లీ బొగ్గే కాల్చాలి. అంటే బొగ్గు తవ్వడానికి నీళ్లు తోడాలి, నీళ్లు తోడడానికి బొగ్గు కాల్చాలి.

లోపల దిగేవాళ్ల సంగతేంటి? ఆ లోయలో ఇప్పటికీ ఒక చిన్న ప్రార్థన ఇల్లు ఉంది. షిఫ్ట్‌కి ముందు కార్మికులు అక్కడ కలిసి ప్రార్థన చేసి దిగేవాళ్లు. దిగినవాడు సాయంత్రానికి ఇంటికి వస్తాడన్న గ్యారంటీ లేని పని మరి.

లోతు పెరిగేకొద్దీ నీళ్లూ పెరిగాయి, ఖర్చూ పెరిగింది. 1892లో గని మూతపడింది. 1897లో అదే చోట ఇటుకల ఫ్యాక్టరీ మొదలైంది.

కథ అయిపోలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి జర్మనీలో ఇళ్లు వేడి చేసుకోవడానికి కూడా బొగ్గు లేదు. అప్పుడు ఈ చుట్టుపక్కల వందల కొద్దీ బుల్లి గనులు పుట్టుకొచ్చాయి. కొద్దిమంది మనుషులు, ఒక తాడు, ఒక బకెట్, అంతే. వదిలేసిన పాత గనుల్లో మిగిలిన బొగ్గు ఏరుకునేవాళ్లు. 1970లకి అవీ ఆగిపోయాయి. ఇప్పుడు నాఖ్టిగాల్ ఒక మ్యూజియం. హెల్మెట్ పెట్టుకుని, నడుం వంచి లోపలికి వెళ్తే అసలు బొగ్గు పొర కనిపిస్తుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. రూర్ ప్రాంతంలో బొగ్గు పొరలు ఉత్తరానికి వెళ్లేకొద్దీ లోతుగా ఉంటాయి. గనులూ వాటి వెంటే ఉత్తరానికి వెళ్లాయి, వెయ్యి మీటర్లు దాటి దిగాయి. 2018 డిసెంబర్ 21న బాట్రాప్‌లో చివరి గని, ప్రోస్పర్-హానియెల్ మూసేశారు. చివరి బొగ్గు ముక్కని దేశాధ్యక్షుడు స్టైన్‌మయర్ చేతిలో పెట్టారు. కెమెరాలు ఆగాయి, పంపులు మాత్రం ఆగలేదు.

ఎందుకంటే కింద బొగ్గు తీసేసరికి పైన నేల కుంగింది, కొన్ని చోట్ల 20 మీటర్లకు పైగా. వాన నీళ్లు నదికి వాటంతట అవి పోలేవు, ఎత్తిపోయాలి. ఇక లోతు గనుల్లో ఊరే ఉప్పు నీళ్లు పైకొచ్చి తాగునీటిలో కలవకూడదు, అందుకే అక్కడా పంపులు నడుస్తూ ఉండాలి. ఎన్నాళ్లు? ఎప్పటికీ. జర్మన్‌లో వీటికి పెట్టిన పేరే "శాశ్వత బాధ్యతలు". దీనికోసం 2007లో ఒక ఫౌండేషన్ పెట్టారు. దాని పెట్టుబడుల మీద వచ్చే ఆదాయంతో ఈ పని నడుస్తోంది. ఖర్చు ఏడాదికి 20 కోట్ల యూరోలకు పైనే.

నేను జాబ్ చేసే రోజుల్లో ఒక పాత సిస్టమ్‌కి రాత్రిళ్లు ఆన్‌కాల్ డ్యూటీ ఉండేది. రాసినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు, లేచి చూసుకోవాల్సింది మాత్రం మేము. కానీ ఒకరోజు ఆ సర్వర్ ఆపేశాం, హాయిగా పడుకున్నాం. రూర్‌లో ఆ ఆప్షన్ లేదు. నాఖ్టిగాల్‌లో మొదటి సొరంగం తవ్వినవాళ్లు నీళ్లని వాలుకి వదిలేశారు. ఆ వాలు దాటి కిందికి దిగినవాళ్లు బిల్లు ముందు తరాలకి రాశారు.

మీ ఇంట్లో ఎవరైనా గనిలో పనిచేశారా? వాళ్లు నీళ్ల గురించి ఏం చెప్పేవాళ్లో కామెంట్‌లో రాయండి, నేను ప్రతి ఒక్కటీ చదువుతా. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి.