అచ్చు తప్పిన నాణెం ఎక్కడ పుట్టింది?

అమీర్‌పేటలో ఎల్బీ నగర్ వైపు మెట్రో ఎక్కితే పంజాగుట్ట, ఇర్రం మంజిల్, ఖైరతాబాద్ దాటాక లక్డీకాపూల్ వస్తుంది. అక్కడికి దగ్గర్లోనే, సైఫాబాద్‌లో, మింట్ కాంపౌండ్ ఉంది. ఇవాళ చాలామందికి అది కరెంటు ఆఫీసు చిరునామా. ఆ పేరు తెచ్చిపెట్టింది మాత్రం నిజాం టంకశాల. పాతబస్తీలోని సుల్తాన్ షాహీలో నడిచిన టంకశాల పని 1903లో సైఫాబాద్‌కు మారింది. 1950లో భారత ప్రభుత్వం దాన్ని తీసుకుంది. 1997లో నాణేల తయారీ చర్లపల్లికి వెళ్లింది. సైఫాబాద్ పాత భవనంలో 2022 జూన్‌లో మింట్ మ్యూజియం తెరుచుకుంది.

అమీర్‌పేట టిఫిన్ సెంటర్‌లోనో, పంజాగుట్ట చౌరస్తా దగ్గర ఆటోలోనో చిల్లరగా వచ్చిన రూపాయి బిళ్లను ఒకసారి తిప్పి చూడండి. సంవత్సరం అంకె కింద అయిదు కోణాల చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాద్‌లో పుట్టిన నాణెం. ముంబయిది వజ్రం, నోయిడాది చుక్క, కోల్‌కతా నాణేనికి ఏ గుర్తూ ఉండదు. నాణేల సేకరణకు ఇదే ఓనమాలు.

ఇలా చూస్తూ పోతే ఎప్పుడో ఒక వింత బిళ్ల చేతికొస్తుంది. బొమ్మ పక్కకు జారి ఉంటుంది. అంచున నెలవంకలా కొంత ముక్క ఉండదు. ఒకవైపు సింహం తిన్నగా ఉంటే రెండోవైపు అంకె తలకిందులై ఉంటుంది. సేకర్తలు వీటిని ఎర్రర్ నాణేలంటారు. అలాంటిది దొరకగానే అందరూ అడిగేది ఒకటే: ‘దీనికెంత వస్తుంది?’ అడగవలసిన మొదటి ప్రశ్న అది కాదు. ఈ తప్పు టంకశాలలో ఏ మెట్టు దగ్గర జరిగింది? ఆ జవాబు చెప్పగలిగితే నాణెం అసలుదో కాదో తేలుతుంది. అరుదైనదో కాదో కూడా తేలుతుంది. ధర ఆ తర్వాతి మాట.

సమ్మెట దెబ్బల కాలం

తప్పు నాణెం అనే ఊహ యంత్రంతోనే వచ్చింది. అంతకుముందు నాణేన్ని చేత్తో కొట్టేవారు. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, మధ్యలో వెండి బిళ్ల, ఆపైన సమ్మెట దెబ్బ. ఆసఫ్ జాహీల పాత రూపాయల్లో అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది. అందుకే అక్షరాలన్నీ ఒకే నాణెం మీద పడటం అరుదు. ఒకదానిమీద రాజు పేరు సగం ఉంటే మరోదానిమీద ఊరి పేరు సగం ఉంటుంది. అచ్చు పక్కకు జరగడం ఆ కాలంలో మామూలు సంగతి. అలాంటి రూపాయిని ఇప్పుడు ఎర్రర్ పేరుతో అమ్మజూపితే నమ్మకూడదు.

ఒక ముద్ర మీద మరో ముద్ర కనిపించినంత మాత్రాన కూడా తప్పు కాదు. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలు బయటపడ్డాయి. అవి క్షహరాట రాజు నహపానుడివి. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర కొట్టించాడు. కింద ఓడిన రాజు ముఖం, పైన గెలిచిన రాజు చిహ్నాలు ఒకే బిళ్లలో కనిపిస్తాయి. అది కావాలని చేసిన పని. గెలుపు సంగతి ప్రజల చేతుల్లోకి అలా చేరింది. చూపుకు రెండచ్చుల నాణెమే అయినా, చరిత్రకు అది రాజశాసనంతో సమానం.

గుమ్మంలో ఒక అక్షరం

హైదరాబాద్‌లో యంత్రపు నాణేలు 1890లలో మొదలయ్యాయి. వాటిని చర్ఖీ సిక్కాలన్నారు. 1903 తర్వాత మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరిట చార్మినార్ బొమ్మతో హాలీ సిక్కా వచ్చింది. ఆ చార్మినార్ గుమ్మంలో ‘మీమ్’ అనే అక్షరం ఉంటుంది. అది మహబూబ్ పేరులో మొదటి అక్షరం. 1911 ఆగస్టులో ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాక గుమ్మంలోకి ‘ఐన్’ అనే అక్షరం వచ్చింది.

సేకర్తల కంటికి పని ఇక్కడే మొదలవుతుంది. హిజ్రీ 1329, 1330 నాటి తొలి నాణేల్లో ఆ ఐన్ పొట్టిగా, పదం మొదట్లో రాసే రూపంలో ఉంటుంది. తర్వాతివాటిలో తోకతో నిండుగా ఉంటుంది. పొట్టి అక్షరాన్ని చూసి అచ్చు విరిగిందనుకోవడం సులువు. కానీ అది విరగలేదు. అచ్చు చెక్కిన తీరే వేరు. టంకశాల తెలిసి మార్చిన ఇలాంటి తేడాను రకం అంటారు. తెలియక జరిగినదే తప్పు. ఈ రెండింటినీ కలిపేస్తే సేకరణ గందరగోళమవుతుంది.

ఈ సిక్కాలు కొత్తవారిని మరో రెండు చోట్ల తికమక పెడతాయి. వాటి మీద కనిపించే 92 సంవత్సరం కాదు. అరబీ అక్షరాలకు అంకెల విలువ కట్టే అబ్జద్ పద్ధతిలో అది ముహమ్మద్ అనే పేరుకు వచ్చే మొత్తం. ఇక ఒకవైపు హిజ్రీ సంవత్సరం, రెండోవైపు పాలన సంవత్సరం ఉంటాయి. పట్టాభిషేకం హిజ్రీ ఏడాది నడుమ జరిగింది కాబట్టి ఒకే హిజ్రీ ఏడాదికి రెండు పాలన సంవత్సరాల నాణేలు ఉంటాయి. అందులో పొరపాటేమీ లేదు. 7 హాలీ రూపాయలకు 6 భారత రూపాయలు లెక్కగా ఈ సిక్కా కొన్నాళ్లు కొత్త డబ్బుతో కలిసి నడిచి, 1959లో చెలామణి నుంచి తప్పుకుంది.

బిళ్ల, అచ్చు, దెబ్బ

యంత్రపు నాణెం మూడు మెట్లలో తయారవుతుంది. లోహపు రేకు నుంచి బిళ్లలు కోస్తారు. గట్టి ఉక్కు మీద అచ్చులు సిద్ధం చేస్తారు. కాలర్ అనే ఉక్కు కడియంలో బిళ్లను పెట్టి రెండు అచ్చుల మధ్య ఒకేసారి నొక్కుతారు. తప్పులన్నీ ఈ మూడింట్లో ఏదో ఒక చోట పుట్టవలసిందే.

బిళ్ల దగ్గర పుట్టే తప్పుల్లో ఎక్కువగా కనిపించేది క్లిప్. పండక్కి చెక్కలు చేసేటప్పుడు చపాతీలా వత్తిన పిండిని గిన్నె మూతతో గుండ్రంగా కోస్తాం కదా. ముందు కోసిన చోటు మీదికి మూత కాస్త జరిగితే నెలవంక తగ్గిన చెక్క వస్తుంది. లోహపు రేకులోనూ అంతే. అసలైన క్లిప్‌కు ఒక సాక్ష్యం ఉంటుంది. ముక్క పోయిన చోటుకు సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు కూడా బలహీనంగా తేలుతుంది. అంచును పైకి లేపే యంత్రంలో ఆ రెండు చోట్లా ఒత్తిడి తగ్గడమే దీనికి కారణం. ఆకురాయితో అరగదీసిన నాణెంలో ఎదుటి అంచు చెక్కుచెదరకుండా ఉంటుంది.

అచ్చు దగ్గర పుట్టే తప్పులకు గుర్తు ఉబ్బు. అచ్చు పగిలితే ఆ పగులులోకి లోహం దూరుతుంది కాబట్టి నాణెం మీద గీత పైకి లేచి ఉంటుంది. లోపలికి దిగిన గీత అయితే అది తర్వాత పడిన గీరే. అచ్చు గుంటల్లో జిడ్డు, లోహపు పొడి పేరుకుంటే అక్షరాలు మాయమవుతాయి. హైదరాబాద్ నక్షత్రం అలా పూర్తిగా పూడిపోతే ఆ నాణేన్ని కోల్‌కతాదని పొరబడే వీలుంది. అందుకే ‘నక్షత్రం లేని హైదరాబాద్ రూపాయి’ అని ఎవరైనా చూపిస్తే భూతద్దం కింద నక్షత్రపు కోణం ఒక్కటైనా ఆనవాలుగా కనిపించాలి. అదీ లేకపోతే ఆ మాటకు రుజువు లేనట్టే.

అచ్చు తిరిగిన నాణేన్ని గుర్తుపట్టడం సులువు. సింహం తిన్నగా ఉండేలా పట్టుకుని, పైనా కిందా రెండు వేళ్ల మధ్య ఉంచి పక్కకు తిప్పాలి. మన నాణెమైతే రెండోవైపు కూడా తిన్నగా రావాలి. కాస్త వంగి రావడం సాధారణం. 90 డిగ్రీలో, పూర్తిగా తలకిందులో అయితే సేకర్తలు దాచుకుంటారు.

దెబ్బ దగ్గర పుట్టేవాటికి గిరాకీ ఎక్కువ. బిళ్ల కడియంలో కుదురుకోకముందే దెబ్బ పడితే ఆఫ్ సెంటర్ నాణెం వస్తుంది. బొమ్మ పడని భాగం చదునుగా ఉంటుంది. సంవత్సరం, టంకశాల గుర్తు నిలిచి ఉంటే దాని విలువ పెరుగుతుంది. ఎందుకంటే ఆ నాణెం ఎక్కడ, ఎప్పుడు పుట్టిందో చెప్పగలదు. ఇక అన్నిటికంటే అందమైనది బ్రాకేజ్. కొట్టిన నాణెం కిందికి జారకుండా అచ్చుకే అంటుకుపోతుంది. తర్వాత వచ్చిన బిళ్లకు అదే అచ్చవుతుంది. అప్పుడు ఒకవైపు బొమ్మ మామూలుగా పడుతుంది, రెండోవైపు అదే బొమ్మ అద్దంలోలా తిరగబడి లోపలికి దిగుతుంది. మన బజారులో దీన్ని లఖీ అంటారు. అంటుకున్న నాణెం దెబ్బ దెబ్బకూ సాగిపోతుంది కాబట్టి బొమ్మ ఎంత స్పష్టంగా ఉంటే అది అంత తొలి దెబ్బదని లెక్క.

చేత్తో చేసిన వింతలు

గిరాకీ ఉన్నచోట మోసమూ ఉంటుంది. రెండు నాణేలను బెంచి వైస్‌లో పెట్టి నొక్కి బ్రాకేజ్ అని అమ్ముతారు. అలాంటప్పుడు వెనకవైపు బొమ్మ కూడా నలిగి చదునవుతుంది. అసలు బ్రాకేజ్‌లో ఆ వైపు కొత్త నాణెంలా నిగనిగలాడుతుంది. ‘షోలే’ సినిమాలోలాంటి రెండువైపులా బొమ్మే ఉన్న నాణెం గారడీవాళ్ల పనిముట్టుగా దొరుకుతుంది. ఒక నాణేన్ని లోపల తొలిచి, మరోదాని సగాన్ని అందులో బిగిస్తారు. అంచు లోపలి వైపు భూతద్దంతో చూస్తే అతుకు తెలుస్తుంది.

పది రూపాయల నాణెం మధ్య బిళ్లను ఊడగొట్టి తిప్పి బిగించేవాళ్లూ ఉన్నారు. టంకశాలలో ఆ నాణెం బయటి వలయం, మధ్య బిళ్ల ఒకే దెబ్బకు అతుక్కుంటాయి, అదే దెబ్బకు బొమ్మ పడుతుంది. కాబట్టి మధ్య బిళ్ల పక్కకు జారిన అసలు నాణెంలో కూడా బొమ్మ దాని చోట అది ఉంటుంది. చేత్తో తిప్పినదాంట్లో అతుకు దగ్గర పనిముట్టు గీతలు కనిపిస్తాయి, బొమ్మల వరస తప్పుతుంది. తూకం కూడా నిజం చెబుతుంది. 1992లో వచ్చిన స్టీలు రూపాయి 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు. 2011 తర్వాతి పది రూపాయల నాణెం 27 మిల్లీమీటర్లు, 7.71 గ్రాములు. చిన్న డిజిటల్ కాటా, పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, అయస్కాంతం ఉంటే చాలు, సగం అబద్ధాలు ఇంట్లోనే తేలిపోతాయి.

దీనికి ఎదురు అన్యాయం కూడా మన వీధుల్లో జరిగింది. పది గీతలుంటే అసలుదని, పదిహేను గీతలుంటే నకిలీదని పుకారు పుట్టి హైదరాబాద్ దుకాణాల్లో పది రూపాయల నాణెం తీసుకోవడమే మానేశారు. 2018 జనవరిలో రిజర్వ్ బ్యాంక్ మొత్తం 14 నమూనాలూ చెల్లుతాయని ప్రకటించింది. రకానికీ నకిలీకీ తేడా తెలియకపోవడం వల్ల మంచి డబ్బు మూలన పడింది.

శ్రేణి కట్టడం

ఎర్రర్ నాణేనికి రెండు లెక్కలు వేయాలి. తప్పు ఎంత పెద్దది అన్నది ఒకటి, నాణెం ఎంత భద్రంగా మిగిలింది అన్నది రెండోది. రెండో లెక్కకు ప్రపంచమంతా వాడే కొలబద్ద అమెరికాలో పుట్టింది. విలియం షెల్డన్ 1949లో అక్కడి పాత సెంట్ల కోసం 1 నుంచి 70 దాకా అంకెలు కట్టాడు. 60 నుంచి పైవన్నీ చెలామణిలోకి వెళ్లనివి. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే సంస్థలు నాణేన్ని పరీక్షించి, అంకె రాసి, ప్లాస్టిక్ పెట్టెలో ముద్రవేసి ఇవ్వడం మొదలుపెట్టాయి. మన సేకర్తలు రోజూ వాడే మాటలు ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, యూఎన్‌సీ (చెలామణిలోకి వెళ్లనిది).

ఇక్కడ కన్ను పొరబడేది అరుగుదల దగ్గర. బొమ్మ మసకగా ఉంటే అది చేతులు మారి అరిగిందా, దెబ్బే బలహీనంగా పడిందా? అరిగినదాంట్లో ఎత్తైన చోట్ల మెరుపు ముందు పోతుంది. బలహీనమైన దెబ్బ పడినదాంట్లో బొమ్మ లేకున్నా లోహపు మెరుపు నిలిచే ఉంటుంది. దీపం కింద నాణేన్ని మెల్లగా వంచి చూస్తే తెలుస్తుంది.

నాణేన్ని తోమడం మాత్రం ఎప్పుడూ వద్దు. చింతపండుతో రాగి చెంబు తళతళలాడుతుంది. రాగి నాణెం మాత్రం అదే చింతపండుతో పైపొర పోగొట్టుకుంటుంది. ఆ పొర మళ్లీ రాదు. మెత్తటి పీవీసీ కవర్లలో ఏళ్ల తరబడి ఉంచితే పచ్చటి జిడ్డు పడుతుంది. నాణేన్ని అంచు పట్టుకుని తీయాలి, పీవీసీ లేని కవర్లో దాచాలి.

బజారు, చట్టం

‘పాత నాణెం ఇవ్వండి, లక్షలు తీసుకోండి’ అనే ప్రకటనలు ఫోన్లకు వస్తూనే ఉంటాయి. రిజర్వ్ బ్యాంక్ పేరు, చిహ్నం వాడుకుని కమీషన్ అనో, పన్ను అనో ముందే డబ్బు గుంజేవాళ్ల గురించి ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. కొనేవాడు డబ్బు ఇవ్వాలి కానీ అడగడు. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు.

చట్టాలూ తెలియాలి. నాణేలను కరిగించడం, ధ్వంసం చేయడం 2011 నాణేల చట్టం ప్రకారం నేరం. నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు, దాన్ని సొంతంగా విదేశాలకు పంపకూడదు. పొలంలో బయటపడిన నిధిని అధికారులకు చెప్పాలని 1878 నుంచే చట్టం ఉంది. చెప్పకుండా పంచుకున్న ప్రతి కుండతోనూ ఒక ఊరి చరిత్ర పోతుంది.

యూపీఐ వచ్చాక చిల్లర చేతులు మారడం తగ్గింది. వింత నాణేలు కంటపడే అవకాశమూ దానితోపాటే తగ్గుతోంది. అందుకే సేకర్తలకు నా విన్నపం ఒకటి. దొరికిన ప్రతి ఎర్రర్ నాణేనికీ ఒక చీటీ రాయండి: సంవత్సరం, టంకశాల గుర్తు, తూకం, కొలత, తప్పు ఏ మెట్టులో పుట్టిందని మీ అంచనా, ఏ ఊళ్లో ఏ నెలలో దొరికింది. రెండువైపులా ఫొటో తీసి జత చేయండి. ఒకే పగులు ఉన్న రెండు నాణేలు ఇద్దరి దగ్గర బయటపడితే అవి ఒకే అచ్చు నుంచి వచ్చినవని రుజువవుతుంది. అలాంటి చీటీలు నలుగురూ కలిపి చూసుకుంటే, నక్షత్రం గుర్తున్న నాణేల్లో ఏ ఏడు ఏ అచ్చు పగిలిందో, ఎంత పగిలేదాకా వాడారో చెప్పే పట్టిక తయారవుతుంది. హైదరాబాద్ టంకశాల కార్మికుల పనికి అది చరిత్రే అవుతుంది. దాన్ని రాయడానికి పెద్ద డబ్బు, పెద్ద చదువు అక్కర్లేదు. ఓపిక ఉన్న సేకర్త ఎవరైనా ఇవాళే మొదలుపెట్టవచ్చు.