పోర్చుగీసు బహువచనం - ప్రజల వ్యాకరణం

వ్యాకరణాన్ని పండితుల సొత్తుగా భావించడం మనకు పాత అలవాటు. సూత్రం ముందు పుట్టిందనీ, మాట దాని వెనక నడిచిందనీ చాలామంది నమ్మకం. సూత్రానికి లొంగని మాట ఎదురైతే దానికి 'అపవాదం' అని పేరుపెట్టి, బట్టీ పట్టమని విద్యార్థిని ఆదేశించి ఊరుకుంటారు. పోర్చుగీసు భాషలో బహువచనాలు ఏర్పడే తీరును నేను ఇలాగే బట్టీపట్టడం మొదలుపెట్టాను. జాబితా పొడుగై, ఓపిక నశించి, అసలు ఇవి ఇలా ఎందుకున్నాయని చరిత్రలోకి తొంగిచూశాను. అపవాదాలుగా చెప్పబడేవాటిలో పెక్కు ఒకప్పటి నిక్కమైన నియమాలేనని అప్పుడు బోధపడింది. ఆ సంగతే ఇక్కడ మనవి చేస్తున్నాను.

సామాన్య సూత్రం సులువైనదే. అచ్చుతో ముగిసే నామవాచకానికి చివర 'స్' చేరుతుంది. 'లివ్రు' అంటే పుస్తకం, 'లివ్రుస్' అంటే పుస్తకాలు. లిస్బన్ వాసుల నోట ఈ సకారం షకారంలా వినిపిస్తుంది. లాటిన్ ద్వితీయావిభక్తి బహువచనం నుంచి వచ్చిన ప్రత్యయమిది. ఇంతవరకు పేచీ లేదు.

పేచీ అంతా ముక్కుతో పలికే ఒక అంత్యధ్వని దగ్గర ఉంది. దానిని మన అరసున్న సహాయంతో 'ఆఁవు' అని రాసుకుందాం. 'మాఁవు' అంటే చెయ్యి, 'కాఁవు' అంటే కుక్క, 'లియాఁవు' అంటే సింహం. ఏకవచనంలో మూడింటికీ ముగింపు ఒక్కటే. బహువచనంలో మూడూ మూడు దారులు పడతాయి: మాఁవుస్, కాఁయిస్, లియోఁయిస్. ఏ మాట ఏ దారిన పోతుందో ఏకవచనం చూసి చెప్పడానికి వీలులేదు. సోదరుడు మొదటి దారి, రొట్టె రెండవ దారి, జాతి మూడవ దారి. దీనికి హేతువేమిటి?

హేతువు లాటిన్‌లో ఉంది. అక్కడ ఈ మూడు మాటలూ మూడు విధాలుగా ముగిసేవి. జనం వాడుకలో వాటి ఏకవచనాలు మానొ, కానె, లియోనె. బహువచనాలు మానొస్, కానెస్, లియోనెస్. 10వ శతాబ్ది ప్రాంతంలో ఐబీరియా ద్వీపకల్పపు వాయవ్య మూలన, అనగా గలీసియా, ఉత్తర పోర్చుగల్ సీమల్లో, రెండచ్చుల నడుమ ఉన్న నకారమూ లకారమూ జారిపోయాయి. చంద్రుణ్ణి స్పెయిన్‌వాడు 'లూనా' అంటే పోర్చుగల్‌వాడు 'లూవ' అనడానికి కారణమిదే. అయితే నకారం జారుతూ తన ముక్కుధ్వనిని ముందున్న అచ్చుకు అంటించింది. బహువచనాలు మూడూ ఆ విధంగా నేటి రూపాలకు చేరాయి. ఏకవచనంలో 'కానె', 'లియోనె' మాటల కడపటి ఎకారం రాలిపోయి అవి 'కాఁ', 'లియోఁ' అయ్యాయి. 'మానొ' మాత్రం తన కడపటి అచ్చును నిలుపుకొని 'మాఁఒ' అయింది. ఆనాటి పోర్చుగీసులో మూడు ఏకవచనాలు, వాటికి తగ్గ మూడు బహువచనాలు. ఎక్కడా అపవాదం లేదు.

తర్వాత 15వ శతాబ్దిలో ఏకవచనాలు మూడూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి 'ఆఁవు' అనే ఒక్క ముగింపుకు చేరాయి. బహువచనాలు కలవలేదు. ఏకవచనం పోగొట్టుకున్న ఆనవాలు బహువచనం దగ్గర భద్రంగా ఉండిపోయింది. గలీసియాలో ఈ కలయిక జరగలేదు. అక్కడ నేటికీ కుక్క 'కాన్', సింహం 'లియోన్'. మన 'ఊరు', 'పేరు' ఒకే తీరుగా ముగిసినా, ఒకటి 'ఊళ్ళు', మరొకటి 'పేర్లు' కావడం మనకు వింతగా తోచదు. నిన్న మొన్న వచ్చిన 'కారు' మాత్రం 'కార్లు' అయిందిగాని 'కాళ్ళు' కాలేదు. పోర్చుగీసులోనూ అంతే. కొత్తగా వచ్చే మాటలన్నీ దాదాపుగా 'ఓఁయిస్' దారినే పడతాయి. లకారాంతాల కథ కూడా ఇటువంటిదే: సూర్యుడు 'సోల్', బహువచనం 'సోయిస్', నడిమి లకారం జారింది. లాటిన్ గ్రంథాల నుంచి తెచ్చుకున్న 'కోన్సుల్' అనే అధికార పదం మాత్రం 'కోన్సులెస్' అని లకారాన్ని విడవకుండా కూర్చుంది.

ఇక్కడ నన్ను ఆపిన మాటలు రెండు ఉన్నాయి. పల్లెటూరివాణ్ణి 'అల్దియాఁవు' అంటారు. ఈ ఒక్క మాటకు నిఘంటువులు మూడు బహువచనాలూ ఇస్తాయి. పౌరుడు అనే అర్థంగల 'సిదదాఁవు'కు ఒక్కటే బహువచనం. దీనిలో ఏదో వర్గరహస్యం ఉందని నేను వాదించను. అది యాదృచ్ఛికమే కావచ్చు. రెండవ మాట విషయంలో మాత్రం అలా తప్పుకోవడానికి వీలులేదు. 'విలాఁవు' అంటే లాటిన్‌లో ప్రభువు భూమిని కనిపెట్టుకుని బతికే పల్లెవాసి. ప్రభువుల నోటబడి అది 'నీచుడు', 'దుర్మార్గుడు' అనే అర్థానికి దిగజారింది. దాని బహువచనం కూడా నేటికీ రెండు దారుల మధ్య ఊగుతూనే ఉన్నది. ధ్వని మార్పు అందరి మాటలనూ సమానంగానే తాకుతుంది. అర్థం మార్చే అధికారం మాత్రం అందరికీ సమానంగా లేదు.

ఈ భాషకు మొదటి వ్యాకరణం 1536లో అచ్చయింది. రచయిత ఫెర్నాఁవు ద ఒలివైర, డొమినికన్ మఠాన్ని విడిచిపోయిన సన్యాసి. ఈ 'ఆఁవు' మాటల బహువచనాలను ఆయన అప్పుడే చర్చించాడు. పాతతరం పలుకుబడి వాటిలో మిగిలి ఉన్నదని గ్రహించాడు. భాషను మనుషులు చేసుకుంటారన్నది ఆయన దృష్టి. 1547లో మతవిచారణ న్యాయస్థానం ఆయనను ఖైదు చేసింది. 1555లో నౌకాయుద్ధం గురించి రాసిన గ్రంథంలో తన దేశస్థులు సాగిస్తున్న బానిస వ్యాపారాన్ని ఆయన నిర్భయంగా ఖండించాడు. నాలుగేళ్ళ తేడాతో, 1540లో, రెండవ వ్యాకరణం రాసిన జువాఁవు ద బారుస్ వేరు కోవకు చెందినవాడు. ఆయన లిస్బన్‌లోని ఇండియా వర్తక కార్యాలయానికి ప్రధానోద్యోగి, సామ్రాజ్య చరిత్రకారుడు. జయించిన తీరాల్లో పాతిన రాతి స్తంభాలు కూలినా తాము నేర్పిన భాష నిలుస్తుందన్నది ఆయన ఆశ. ఒకే భాషకు, ఒకే దశాబ్దంలో, రెండు వ్యాకరణాలు. వెనక రెండు లోకదృష్టులు.

బారుస్ ఆశ మన తీరాలకూ తగిలింది. 'మేస్త్రీ', 'అల్మారా', 'బొత్తాము' వంటి మాటలు ఆ ఓడల్లో దిగినవే. వీటిలో 'బొత్తాము' మన ప్రస్తుత విషయానికి సాక్షి. పాత పోర్చుగీసులో అది 'బొతోఁ'. ఏకవచనాల కలయిక జరిగాక 'బొతాఁవు'. మన మాటలో ఉన్నది ఆకారం, ఓకారం కాదు. కనుక ఆ మార్పు పూర్తయ్యాకనే అది మన దక్షిణాది రేవులకు చేరిందనుకోవడం సబబు. దానికి వాళ్ళ 'బొతోఁయిస్' మనకు అక్కర లేకపోయింది. దర్జీ చొక్కాకు బొత్తాలు కుట్టాడు, అంతే. అరువు తెచ్చుకున్నవాడు మాటను తెచ్చుకుంటాడుగాని దాని వ్యాకరణాన్ని మోసుకురాడు.

కాని భాషను అరువుగా తెచ్చుకోక, కొరడా దెబ్బల మధ్య నేర్చుకోవలసి వచ్చినవాళ్ళ సంగతి ఏమిటి? బ్రెజిల్ తీరంలో దింపిన ఆఫ్రికా బానిసల సంఖ్య దాదాపు 48 లక్షలని చరిత్రకారుల అంచనా. 1888 దాకా అక్కడ బానిసత్వం చట్టబద్ధం. 1757లో పొంబాల్ మంత్రిగా ఉన్న ప్రభుత్వం అక్కడి ఆదివాసుల బళ్ళలో తుపీ భాషమీద పుట్టిన ఉమ్మడి భాషను నిషేధించి పోర్చుగీసును విధించింది. ఈ కోట్లాది ప్రజల నోట రూపొందిన బ్రెజిల్ జనసామాన్యపు పోర్చుగీసులో బహువచనం వేరు తీరుగా నడుస్తుంది. శిష్టులు 'ఆ కొత్త పుస్తకాలు' అనడానికి 'ఉస్ లివ్రుస్ నోవుస్' అని మూడు మాటలకూ సకారం చేరుస్తారు. పాటకజనం 'ఉస్ లివ్రు నోవు' అంటారు. బహువచనాన్ని మొదటి మాటమీద ఒక్కసారి గుర్తిస్తే చాలునని వారి నియమం.

ఇది బానిసల భాషా సంపర్కం వల్ల పుట్టిందని గ్రెగరీ గై, దాంతె లుకేసీ ప్రభృతులు వాదించారు. పోర్చుగల్ పల్లెల పలుకుబడిలోనే దీని బీజాలున్నాయని ఆంథనీ నారో, మార్తా షెర్రె వాదించారు. బీజం ఎక్కడిదైనా అది ఇంతగా వ్యాపించడానికి బానిస వ్యవస్థే దోహదం చేసిందని నా అభిప్రాయం. కోట్లాది మందికి బడి గుమ్మం తొక్కే హక్కు లేకుండా చేసింది అదే గదా!

2011లో బ్రెజిల్‌లో పెద్ద దుమారం రేగింది. వయోజన విద్యార్థుల కోసం విద్యాశాఖ పంపిణీ చేసిన ఒక వాచకంలో, సకారం ఒక్కసారే చేర్చే వాడుకను ఉదాహరించి, ఇలా మాట్లాడవచ్చు, అయితే సందర్భాన్ని బట్టి మీరు భాషా దురభిమానానికి గురికావచ్చు అని వివరించారు. శిష్టరూపం కూడా పక్కనే నేర్పారు. ప్రభుత్వం తప్పులు నేర్పుతున్నదని పత్రికలు గగ్గోలుపెట్టాయి. ఈ గగ్గోలు మనకు పరిచయమైనదే. గిడుగు రామమూర్తిగారు వ్యావహారికం కోసం నిలబడ్డప్పుడు మన పండితులు పెట్టిన గగ్గోలు ఇదే స్వరంలో ఉన్నది.

తర్కం మాటకు వస్తే ఒక్కసారి మన వాక్యాన్నే చూడండి. 'ఆ కొత్త పుస్తకాలు' అంటాం. 'ఆ'కు బహువచనం లేదు, 'కొత్త'కు లేదు. చివరి మాటకు ఒక్కసారి చేర్చి ఊరుకున్నాం. బ్రెజిల్ కూలివాడు మొదటి మాటకు చేర్చి ఊరుకున్నాడు. మనది వ్యాకరణమై, అతనిది అజ్ఞానం ఎలా అయింది? అతనికి శిష్టరూపం నేర్పనక్కరలేదని నేను అనను. దరఖాస్తు రాయడానికీ, కోర్టు తీర్పు చదువుకోవడానికీ అతనికి ఆ మూడు సకారాలూ కావాలి. అవి అతనికి దక్కవలసిన ఆస్తి. అయితే వాటిని అందించేటప్పుడు అతని తల్లి మాట్లాడిన మాట తప్పని చెప్పనక్కరలేదు.

నేటి శిష్ట పోర్చుగీసు కూడా ఒకప్పుడు లాటిన్ తెలియని వాయవ్య సీమ రైతులు నకార లకారాలు మింగి పలికిన 'అపభ్రంశమే'. ఆ సంగతిని 'మాఁవుస్, కాఁయిస్, లియోఁయిస్' ఈనాటికీ చెబుతున్నాయి. మన బళ్ళలోనూ పిల్లవాడు ఇంటి మాట పలికినప్పుడు ఎర్రసిరా సీసా మూత తీసే ఉపాధ్యాయుడు ముందుగా ఆ మాట ఎక్కడ నుంచి వచ్చిందో విచారిస్తే బాగుంటుంది.