ఎవరు పోయారో!

తెల్లవారుజామున మైకులో ఘంటసాల భగవద్గీత వినబడితే చాలు, మా అమ్మ పొయ్యి దగ్గర్నుంచే "ఎవరు పోయారో, ఏమో!" అనేది. చిలకలూరిపేట చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ అంతే. అది గుడి మైకో, చావింటి మైకో తేలేదాకా చేతిలో పని సాగదు.

ఒక గాయకుడి పేరు ఎంతగా నిలిచిందో కొలవడం ఎలాగని మొన్న మా ఇంట్లో వాదన వచ్చింది. మావాడు ఏ పాట ఎన్ని లక్షలమంది విన్నారో సెల్‌ఫోనులో చూపించాడు. మావారు 1970 నాటి పద్మశ్రీ మొదలుకొని 2003లో వచ్చిన తపాలా బిళ్ళ దాకా ఏకరువు పెట్టారు. నాకు రెండూ ఆనలేదు. మిరపకాయల బరువు కాటా చెబుతుంది గానీ ఘాటు చెబుతుందా?

1922లో కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టిన మనిషి. విజయనగరంలో పస్తులుండి సంగీతం నేర్చుకున్నారు. 1942 ఉద్యమంలో జైలుకి వెళ్ళొచ్చారు. 1945లో 'స్వర్గసీమ'లో మా ఒంగోలు వైపు ఆడపడుచు భానుమతి గారితో గొంతు కలిపారు. ఆ తర్వాత సినిమా కథ మీ అందరికీ తెలిసిందే.

నేను చెప్పేది సినిమా కాని పాటల సంగతి. కరుణశ్రీ గారు మా గుంటూరు వారు, ఏ.సి. కాలేజీలో పాఠాలు చెప్పినవారు. కోస్తున్న చేతితో పువ్వులు మొరపెట్టుకునే ఆయన 'పుష్పవిలాపం' పద్యాలు పుస్తకంలో ఉన్నంతకాలం చదువుకున్నవాళ్ళ సొత్తు. ఘంటసాల పాడి రికార్డు ఇచ్చాక మా అమ్మమ్మ సొత్తయిపోయాయి. ఆవిడకి సంతకం కూడా రాదు. అయినా పూజకి గన్నేరు చెట్టుకింద రాలిన పువ్వులే ఏరేది. "కొయ్యబోతే ఆయన గొంతు అడ్డొస్తుందే" అనేది. ఈ లెక్క ఏ కంపెనీ పుస్తకంలో రాసుకుంటారు చెప్పండి!

ఇక గీత. ఒంట్లో బాగాలేని రోజుల్లో పాడారు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. రికార్డు బయటికొచ్చేనాటికి ఆయన లేరు. ఏడువందల శ్లోకాల్లోంచి వంద పైచిలుకు ఏరి, వెంటనే తెలుగులో తాత్పర్యం చెప్పారు. అందుకే సంస్కృతం రానివాళ్ళకీ అందింది. అందాక ఏమైంది? పాడె వెంట నడిచింది, వైకుంఠరథం ఎక్కింది, పెదకర్మ పందిట్లో కూర్చుంది. లేచి నీ పని నువ్వు చెయ్యమని అర్జునుడికి చెప్పిన మాట మా ఇళ్ళల్లో మాత్రం చావు కబురైపోయింది. నేను పెడితే అమ్మ కసిరేది, "శుభమా అని ఇంట్లో అదేంటే!" ఇంతమంది విన్న గొంతుని ఇంతమంది ఇంట్లోకి రానివ్వకపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

అమ్మ పోయిన రోజు మైకు అబ్బాయి ఎవర్నీ అడగలేదు. వచ్చాడు, గీత పెట్టాడు. అమ్మకి ఇష్టం 'మాయాబజార్'లో పడవ పాట. అది పెట్టమందామని నోటిదాకా వచ్చింది. చుట్టాల ముందు నోరు పెగల్లేదు. కాయకోతలకు వెళ్తున్న ఆడవాళ్ళ ఆటో వీధి చివర ఆగింది. వాళ్ళల్లో ఒకావిడ తల బయటపెట్టి "ఎవరు పోయారమ్మా?" అని అడిగింది.

చెప్పాను. కొంగులు సర్దుకుంటూ అందరూ దిగొచ్చారు.