ప్రయోగశాల నుండి రేవు పట్టణమునకు

1950 ప్రాంతమున తైవాను ద్వీపమునుండి విదేశములకు పోవు సరకులలో ముఖ్యమైనవి పంచదార, బియ్యము. నేడు ప్రపంచమునకు కావలసిన అతిసూక్ష్మమైన ఎలక్ట్రానిక్ చిప్పులలో అధికభాగము ఆ ద్వీపముననే తయారగుచున్నది. ఈ మార్పు దానంతట అది వచ్చినది కాదు. దీనికై పాటుపడిన ప్రభుత్వాధికారులలో లీ క్వో-టింగ్ ముఖ్యుడు. ఆయన వర్తకుడు కాడు, భౌతికశాస్త్రము చదివినవాడు.

లీ 1910లో చైనాలోని నాన్‌కింగు నగరమున జన్మించెను. 1934లో కేంబ్రిడ్జికి పోయి, రూథర్‌ఫర్డు అధ్యక్షుడుగా నున్న కావెండిష్ ప్రయోగశాలలో పరిశోధన ప్రారంభించెను. కొన్ని లోహములను మిక్కిలి చల్లబరచినపుడు వాటి విద్యున్నిరోధము పూర్తిగా నశించును. ఈ అతివాహకతయే ఆయన పరిశోధనాంశము. 1937లో జపాను చైనాపై యుద్ధమునకు దిగగా, పట్టము చేతికి రాకమునుపే లీ స్వదేశమునకు మరలెను. ఆ పరిశోధన అంతటితో నిలిచిపోయినది. 1948లో ఆయన తైవాను చేరి, కొంతకాలము ఓడల నిర్మాణశాలలో పనిచేసి, పిమ్మట ప్రభుత్వ పారిశ్రామికాభివృద్ధి శాఖలో ప్రవేశించెను.

ద్వీపమున ఖనిజసంపద స్వల్పము. 1965లో అమెరికా ఆర్థికసహాయము నిలిచిపోవుటతో విదేశమారకద్రవ్యము సంపాదించుట అత్యవసరమైనది. ఆ యేటనే లీ ఆర్థిక వ్యవహారముల మంత్రి అయ్యెను. దిగుమతి చేసుకొన్న విడిభాగములపై సుంకము చెల్లింపవలెను. సరకు ఎగుమతి చేసిన తరువాత ఆ సుంకమును తిరిగి రాబట్టుకొనుట పెద్ద ప్రయాస. ఈ చిక్కు తొలగించుటకు కావుష్యుంగు రేవులో, సముద్రమునుండి తోడిన మట్టితో పూడ్చిన సుమారు 68 హెక్టార్ల నేలపై 1966 డిసెంబరులో ఎగుమతి తయారీ మండలము తెరవబడెను. లోపలికి వచ్చు ముడిసరకుపై సుంకము లేదు. తయారైన సరకు విదేశములకే పోవలెను. అనుమతులు, బ్యాంకు పనులు అన్నియు అచ్చటనే జరుగును. మన దేశమునను ఇట్టి మండలము 1965లో కాండ్లాలో ఏర్పడినది. 1968లో లీకి మెగసెసే పురస్కారము లభించెను.

అయినను ఈ పద్ధతికి ఒక హద్దు కలదు. మండలములోని కార్మికులలో ఎక్కువమంది యువతులు. విడిభాగములను కూర్చుటయే వారి పని. నమూనాలు, యంత్రములు విదేశీయులవి. ద్వీపమునకు ప్రధానముగా దక్కునది కూలి. కూలి పెరిగినచో కర్మాగారము మరియొక చౌక దేశమునకు తరలిపోవచ్చును. కావున సరకుతోబాటు, దానిని తయారుచేయు విద్యయు స్వంతము కావలెను.

1973లో పారిశ్రామిక సాంకేతిక పరిశోధన సంస్థ ఏర్పడెను. 1976లో, అప్పటి ఆర్థిక వ్యవహారముల మంత్రి సున్ యున్-సువాన్ చొరవతో, యువ ఇంజనీర్లు అమెరికాలోని ఆర్.సి.ఎ. కంపెనీకి పోయి చిప్పుల తయారీ నేర్చివచ్చిరి. ఆ యేటనుండి శాస్త్ర సాంకేతిక విధానమును లీ పర్యవేక్షించెను. 1980లో, రెండు విశ్వవిద్యాలయములకును ఆ పరిశోధన సంస్థకును చేరువలో, షిన్‌చు శాస్త్రోద్యానము వెలసెను. అమెరికాలో అనుభవము గడించిన మోరిస్ చాంగ్ 1985లో ఆ సంస్థకు అధ్యక్షుడుగా వచ్చెను. చిప్పుల కంపెనీ స్థాపింపుమని లీ ఆయనను కోరెను. 1987లో పుట్టిన ఆ కంపెనీయే టి.ఎస్.ఎం.సి. తన స్వంత చిప్పులు అమ్ముకొనక, ఇతరులు రూపొందించిన చిప్పులను తయారుచేసి యిచ్చుట దాని వృత్తి. ఇట్టిది సాగునాయని ధనికులు జంకిరి. మూలధనములో సుమారు 48 శాతము ప్రభుత్వమే పెట్టవలసివచ్చినది.

లీ 2001లో మరణించెను. రేవులో మండలము నెలకొల్పుటకు రెండేండ్లలోపు కాలము చాలినది. చిప్పుల పరిశ్రమ నిలదొక్కుకొనుటకు ముందుగా ఇంజనీర్లు తయారు కావలెను. అందుకు ఒక తరము పట్టినది. ఈ తేడాను విద్యార్థులు గమనింపవలెను.