నిర్మాణానికి ముందు సంప్రదింపు: కొరాపుట్, రాయగడల అనుభవం

కొరాపుట్, రాయగడ ప్రాంతాలు 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. రాయగడ 1992లో వేరే జిల్లా అయింది. తెలుగు, ఒడియా, కువి ఇరుగుపొరుగుగా వినిపించే ఈ సీమ చరిత్ర శాసనాల్లో కొంత ఉంటే, కొండల పేర్లలో, కొలుపుల్లో మరికొంత ఉంది. ఆనకట్టో గనో వచ్చినప్పుడు ఈ రెండో చరిత్రను ఎవరు లెక్కలోకి తీసుకుంటారన్నది మేము పరిశీలించదలచిన విషయం.

మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో ఉత్పత్తి ప్రారంభించింది. జలాపుట్ జలాశయంలో ఊళ్లు మునిగాయి. నాటి భూసేకరణ చట్టం 1894 నాటిది. అది భూమికి పరిహారం కట్టించింది గాని, స్థలం చరిత్రను విచారించమనలేదు. అదే కాలంలో, 1954-60 మధ్య, నాగార్జునకొండలో కేంద్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను కొండమీదికి, అనుపుకు తరలించింది. గొప్ప పనే. కాని రాతికట్టడాలు కనుక తరలించగలిగారు. కదల్చడానికి వీలులేని స్థలం మాటేమిటి?

దీనికి సమాధానం నియమగిరిలో దొరికింది. అక్కడ ప్రభుత్వ గనుల సంస్థ బాక్సైటు తవ్వదలచింది. డోంగ్రియా కోంధులకు ఆ కొండ నియమరాజు నెలవు. వారి మతపరమైన, సాంస్కృతిక హక్కుల సంగతి గ్రామసభలే పరిశీలించాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జులై 18 నుంచి ఆగస్టు 19 వరకు రాయగడలో ఏడు, కలహండిలో ఐదు పల్లెల్లో సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. అక్కడ చెక్కిన రాయి లేదు, శాసనం లేదు. ఊరివారి మాటే సాక్ష్యమైంది.

అయినా ఒక లోపం గుర్తించాలి. కొండ దిగువన లాంజిగఢ్‌లో శుద్ధి కర్మాగారం 2007లోనే పని మొదలుపెట్టింది. ఊరిని అడిగింది ఆరేళ్ల తరువాత. షెడ్యూల్డు ప్రాంతాల్లో భూసేకరణకు ముందే గ్రామసభను గాని, తగిన స్థాయి పంచాయతీని గాని సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతూనే ఉంది. కట్టడం సగమయ్యాక అడిగితే అది సంప్రదింపు కాదు, సమాచారం ఇవ్వడమే.

డోంగ్రియాలు మాట్లాడే కువి తెలుగుకు దగ్గరి చుట్టం. రెండూ దక్షిణ-మధ్య ద్రావిడ శాఖకు చెందినవే. కొండల, వాగుల, కొలుపు చోట్ల పేర్లను ఊరివారి నోటినుంచి సేకరించి, రోడ్డు పటం గీయకముందే అధికారుల చేతికి అందించగలిగితే తెలుగు శాఖలు చేయగల మేలు చిన్నది కాదు. పేరు నమోదు కాని స్థలం పటంలో ఖాళీ జాగాగానే కనిపిస్తుంది.