గూడ్సు డబ్బాకూ ఒక తేదీ ఉంటుంది

ఈ ప్రత్యేక సంచికకు మన మూడు జిల్లాల చరిత్ర మీద ఏదైనా రాయమని సంఘం కార్యదర్శి గారు అడిగితే, గూడ్సు డబ్బా గురించి రాస్తానన్నాను. ఆయన ఒక్క నిమిషం ఆగి, "సరే, రాయండి" అన్నారు. కోటల గురించి, సాయుధ పోరాటం గురించి రాయగలిగినవారు మనలో చాలామంది ఉన్నారు. జనగామ, మహబూబాబాదు స్టేషన్ల మీదుగా సుమారు నూరేళ్లపాటు బొగ్గు, బియ్యం, ఉప్పు, సిమెంటు మోసిన నాలుగు చక్రాల డబ్బాకు మాత్రం చరిత్రకారుడు దొరకలేదు. రిటైరయ్యాక నాకు అబ్బిన వ్యాపకం ఆవిరి ఇంజన్ల నాటి గూడ్సు డబ్బాలను చిన్న ప్రమాణంలో, కొలత తప్పకుండా తయారుచేయడం. ఈ వయసులో బొమ్మలేమిటని ఇంట్లో అంటూనే ఉంటారు. బొమ్మకూ నమూనాకూ తేడా ఏమిటో చెప్పడానికే ఈ వ్యాసం.

కొంతకాలం క్రితం పిల్లలు చేసిన ఒక ప్రదర్శనకు వెళ్లాను. థర్మోకోలుతో భూపాలపల్లి బొగ్గు బాయి, దాని పక్కన పట్టాలు, పట్టాల మీద పొగ వదులుతున్న ఆవిరి ఇంజను, వెనుక నాలుగు డబ్బాలు. చక్కగా చేశారు. అయితే భూపాలపల్లికి రైలు నేటికీ లేదు. అక్కడి గనులు పెరిగింది 1990లలో. మన దేశంలో ఆవిరి ఇంజన్ల తయారీ 1972లోనే ఆగిపోయింది, బ్రాడ్‌గేజి మీద రోజువారీ ఆవిరి బండ్లు 1995తో ముగిశాయి. ఉన్న బొగ్గునూ, మనకు తెలిసిన రైలునూ కలిపి, లేని చరిత్రను కట్టారు. చూసిన పెద్దలు కూడా "అవును, ఒకప్పుడు ఉండేదట" అనుకుంటూ వెళ్లారు. నన్ను కలవరపెట్టింది పిల్లల పని కాదు, పెద్దల ఆ మాట. కాగితం మీది తప్పును మరొక కాగితంతో దిద్దవచ్చు. కంటికి కనిపించే తప్పు మనసులో నాటుకుంటుంది.

భూపాలపల్లి నమూనా చేయదలచినవారు బాయి లోపలి ఇంక్లైనులో ఇనుప తాడు లాగే చిన్న టబ్బులను చేయవచ్చు. అవీ పట్టాల మీద నడిచే బొగ్గు బండ్లే. సింగరేణిలో పనిచేసి రిటైరైన మన సభ్యులకు వాటి చప్పుడు కూడా గుర్తుండి ఉంటుంది. బాయి బయట మాత్రం లారీలు, టిప్పర్లే రావాలి. చెల్పూరు విద్యుత్ కేంద్రాన్ని 2010లో ప్రారంభించినప్పటి దృశ్యంలోనైనా ఆవిరి ఇంజనుకు చోటు లేదు.

ఆవిరి ఇంజనుకూ, బొగ్గు డబ్బాకూ న్యాయంగా చోటున్నది మానుకోట వైపు. నిజాం రైల్వే వాడి నుంచి సికింద్రాబాదుకు 1874లో వచ్చింది. 1886లో వరంగల్లుకు చేరి, అక్కడి నుంచి డోర్నకల్లు మీదుగా 1889లో బెజవాడను అందుకుంది. మన దారి ఆ వైపు పడడానికి పెద్ద కారణం ఇల్లందు బొగ్గు. జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ అక్కడ 1870ల మొదట్లో బొగ్గును గుర్తించారు. డోర్నకల్లు నుంచి గనుల దాకా ఒక శాఖ వేశారు. ఇల్లందులో ఎత్తిన బొగ్గు డోర్నకల్లులో పెద్ద లైను ఎక్కి, మహబూబాబాదు, కాజీపేట, జనగామ దాటి సికింద్రాబాదుకు పోయేది. మన ఊళ్లకు స్టేషన్లు, స్టేషన్ల చుట్టూ గోదాములు, మిల్లులు ఆ దారి పుణ్యమే.

అయితే ఆ బొగ్గు డబ్బా ఏ సంవత్సరపుది? నమూనా చేయడానికి కూర్చున్నవాడు తేల్చుకోవలసిన మొదటి ప్రశ్న ఇది. ఆఫీసులో తేదీ లేని కాగితాన్ని మనం వెనక్కి పంపేవాళ్లం. తేదీ లేని నమూనా కూడా అంతే. మహబూబాబాదు స్టేషనులో 1948 నాటి డబ్బా అంటే నిజాం స్టేట్ రైల్వే రోజులు. 1951 నవంబరు 5న ఆ రైల్వే సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టింది. స్టేషను అదే, పట్టాలు అవే, డబ్బా కూడా అదే కావచ్చు, దాని పక్కన రాసే అక్షరాలు మాత్రం మారిపోయాయి. బరువుల సంగతీ ఇంతే. 1956 చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చాయి కనుక, అంతకు ముందటి డబ్బా మీద పాత ఇంగ్లీషు టన్నుల లెక్క ఉండాలి. ఇవి కాక వర్కుషాపులో పూర్తిగా మరమ్మతు చేసిన తేదీ కూడా డబ్బా మీద తెల్ల రంగుతో అచ్చు గుద్ది ఉంటుంది. 1962 నాటి దృశ్యంలో 1968 మరమ్మతు తేదీ ఉన్న డబ్బా నిలబెడితే, పుట్టక ముందే బారసాల చేసినట్టు!

ఈ పట్టింపు నాదొక్కడిదే కాదు. అమెరికాలో ఆవిరి యుగం 1960 నాటికే ముగిసింది. అక్కడ గూడ్సు డబ్బాలను కొంతకాలానికోసారి మళ్లీ తూచి, తూచిన ఊరు, నెల, సంవత్సరం డబ్బా మీదే రాసేవారు. నమూనాలు చేసే పెద్దమనుషులు ఆ చిన్న అక్షరాలను భూతద్దం పెట్టి చూసి, అది తాము ఎంచుకున్న తేదీకి సరిపోతుందా అని వాదించుకుంటారు. వాళ్లకు కంపెనీల డ్రాయింగులు, ఫ్యాక్టరీ గేటు దగ్గర తీసిన ఫొటోలు అచ్చు పుస్తకాల్లో దొరుకుతాయి. మన డబ్బాలకు ఆ భాగ్యం తక్కువ.

ఇక కొలతలు. లెక్కలంటే విసుగున్నవారు ఈ ఒక్క పేరా వదిలేయవచ్చు, నాకు మాత్రం ఇదే ఇష్టమైన భాగం. మన బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం 5 అడుగుల 6 అంగుళాలు, అంటే 1676 మిల్లీమీటర్లు. ఇంగ్లండులోనూ అమెరికాలోనూ అది 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలే. దుకాణాల్లో దొరికే బొమ్మ రైలు పట్టాల మధ్య దూరం సాధారణంగా 16.5 మిల్లీమీటర్లు. ఇంగ్లండు పద్ధతిలో అడుగుకు 4 మిల్లీమీటర్ల చొప్పున డబ్బా చేసి ఆ పట్టాల మీద పెడితే, గేజి 4 అడుగుల ఒకటిన్నర అంగుళాలకు సమానమవుతుంది. మన గేజి కంటే ఏకంగా 1 అడుగు 4½ అంగుళాలు తక్కువ! ఏనుగుకు మేక కాళ్లు పెట్టినట్టుంటుంది. పుణెలో 1998లో తెరిచిన జోషీ గారి మినియేచర్ రైల్వే మ్యూజియంలో వాడిన 87వ వంతు ప్రమాణంలో మన గేజి 19.3 మిల్లీమీటర్లు కావాలి. అడుగుకు 4 మిల్లీమీటర్ల లెక్కన అయితే సరిగ్గా 22. ఒక తమాషా ఏమిటంటే, అడుగుకు 3 మిల్లీమీటర్ల చొప్పున చేస్తే అయిదున్నర అడుగులు ఖచ్చితంగా 16.5 అవుతాయి. అంటే బజారు పట్టాలు ఒక్క వెంట్రుక తేడా లేకుండా మన కాజీపేట పట్టాలుగా మారిపోతాయి. పట్టాలు కొనుక్కుని బండి నడపాలనుకునే పిల్లలకు నేను చెప్పేది ఈ 3 మిల్లీమీటర్ల లెక్కే. నా డబ్బాలు నడవవు, బీరువాలో నిలబడతాయి. కనుక వివరం బాగా కనిపించే 4 మిల్లీమీటర్ల లెక్కే పెట్టుకుని, 22 దగ్గర పట్టాలు నేనే వేసుకున్నాను.

బఫర్ల దగ్గర మరొక చిక్కుంది. మన డబ్బాల బఫర్ల మధ్య దూరం ఇంగ్లండు డబ్బాల కంటే ఎక్కువ. ఎత్తు విషయంలో మన రైల్వే నియమం ఏమిటంటే, ఖాళీ డబ్బాకు పట్టా మీది నుంచి 1105 మిల్లీమీటర్లకు మించరాదు, నిండు డబ్బాకు 1030కి తగ్గరాదు. సరుకు ఎక్కితే కమాన్లు అణిగి డబ్బా దిగుతుంది కదా. ఆ 75 మిల్లీమీటర్ల తేడా నా నమూనాలో దాదాపు 1 మిల్లీమీటరు. అందుచేత బొగ్గు నింపిన డబ్బానూ, ఖాళీ డబ్బానూ ఒకే ఎత్తున పెట్టకూడదు. చూసేవారికి కారణం తెలియకపోవచ్చు గాని, నిండు డబ్బా నిజంగా బరువుగా ఉందనిపిస్తుంది.

తయారీ సామాను పెద్దదేమీ కాదు. మందంగా ఉండే పెళ్లి శుభలేఖల అట్ట, ఫెవికాల్, పాత బ్లేడు. ఆ డబ్బాల ఒళ్లంతా రివెట్లే కనుక, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో కాగితం వెనక వైపు నుంచి స్కేలు పక్కన ఒక్కొక్క చుక్కే నొక్కుతాను. అక్షరాలు మనవడు కంప్యూటరులో కొట్టి ఇస్తాడు. రంగు ఎర్రమట్టి రంగు, అదీ కొత్త పెయింటులా మెరవకూడదు.

డ్రాయింగులో ఉండని సంగతులు కొన్ని ఉన్నాయి. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో, 1970లలో, బియ్యం డబ్బాలు వచ్చినప్పుడు సీళ్లు చూసి రాసుకోవడానికి జనగామ గూడ్సు షెడ్డుకు పోయేవాణ్ణి. తలుపు గొళ్లానికి తీగ చుట్టి సీసపు సీలు నొక్కి ఉండేది. పక్కన చిన్న చట్రంలో ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏమి సరుకు అని రాసిన లేబులు. తలుపు సందుల్లో ఇరుక్కున్న గడ్డి. సుద్దముక్కతో గీసిన గుర్తులు. పాడైన డబ్బాను "సిక్కు" అనేవారు, మనలాగే వాటికీ సిక్ లీవు ఉంటుందని షెడ్డులో హాస్యం. ఇరుసు పెట్టెల్లో నూనెలో తడిపిన నూలు వ్యర్థం కుక్కేవారు కాబట్టి, చక్రం నడిమి భాగం నల్లగా జిడ్డుపట్టి, దాని మీద దుమ్ము పేరుకుని ఉండేది. నూనె ఎండితే ఇరుసు కాలి పొగ వచ్చేది. ఆ జిడ్డు మరక లేని చక్రం ఎంత కొలతగా ఉన్నా నాకు అబద్ధంగానే కనిపిస్తుంది.

బొగ్గు డబ్బాల మీద మరొకటి చూశాను. నింపిన కుప్ప పైన సున్నపు నీళ్లు చల్లేవారు. దారిలో ఎవరైనా బొగ్గు దించితే ఆ తెల్లని పొరలో నల్లటి గుంట కనబడిపోతుంది. మహబూబాబాదు దగ్గర సిగ్నలు కోసం ఆగిన బండ్లలో అలాంటి గుంటలు కనిపించేవి. చలికాలంలో వంటచెరకు లేని ఇళ్లు లైను పక్కనే ఉండేవి మరి. నా నమూనాలో ఒక డబ్బాకు ఆ గుంట పెట్టాను. దాన్ని చూసి రైల్వేలో చేసిన మిత్రుడొకరు, "ఇది అసలు డబ్బా!" అన్నారు. పుస్తకాలు చూసి చేసిన మిగతా పనికి అంత మెప్పు దొరకలేదు.

బండి మొత్తం కూర్చేటప్పుడు అన్ని డబ్బాల మీదా ఒకే రైల్వే అక్షరాలు రాయడం చాలామంది చేసే పొరపాటు. డబ్బాలు దేశమంతా కలిసి తిరిగేవి. ఏ రైల్వే డబ్బా ఏ ఊళ్లోనైనా తేలవచ్చు. కనుక 1965లో జనగామ దాటిపోయే బండిలో తూర్పువీ, పశ్చిమవీ, దక్షిణాదివీ కలగాపులగంగా ఉండాలి. ముందు డబ్ల్యు.జి. రకం గూడ్సు ఇంజను, చివర రెండు కొసలా వరండాలున్న గార్డు డబ్బా. 1960 ప్రాంతం నుంచి ఎనిమిది చక్రాల పెద్ద బాక్స్ వ్యాగన్లు రావడం మొదలైంది. నాలుగు చక్రాల డబ్బా సుమారు 22 టన్నులు మోస్తే, అది 55 టన్నులు మోసేది. నాలుగు చక్రాల పెట్టెకు నూకలు చెల్లింది అప్పుడే. తర్వాత అవి పాత ఇనుముగా తూకానికి పోయాయి. నేడు సరుకు మోసే అటువంటి డబ్బా మన లైను మీద కనబడదు. 2023 జూలై 8న కాజీపేటలో వ్యాగన్ల కర్మాగారానికి పునాది పడింది. అక్కడ చేసేవి కొత్త రకాలు, వాటికి డ్రాయింగుల కొరత ఉండదు.

పాతవాటికి మిగిలిన ఆధారం మన ఇళ్లలోనే ఉంది. బదిలీ వీడ్కోలు రోజున ప్లాట్‌ఫారం మీద తీసిన గ్రూపు ఫొటో, పెళ్లివారు రైలు దిగుతున్న ఫొటో, స్టేషను క్వార్టర్ల ముందు పిల్లల ఫొటో. మనుషుల వెనకాల పక్క లైనులో ఒక డబ్బా సగం కనిపిస్తూ ఉంటుంది. ఇల్లు సర్దేటప్పుడు అలాంటివి పారేయవద్దని కుటుంబ సభ్యులకు చెప్పండి. ఫొటో వెనుక స్టేషను పేరు, సంవత్సరం పెన్సిలుతో రాయండి, పెన్నుతో రాస్తే సిరా ముందు వైపుకు దిగుతుంది. సంఘం ఆఫీసులో ఇస్తే నేను నకలు తీసుకుని, అసలు ఫొటోను రసీదుతో సహా వారం లోపల తిరిగి ఇచ్చేస్తాను.