పోతపాలు: చరిత్ర

తల్లిపాలకు బదులుగా పసిబిడ్డకు పట్టే పశువుల పాలను, డబ్బాపాలను పోతపాలు అంటారు. ఈ పద్ధతి చాలా పాతది. జర్మనీలోని బవేరియాలో కంచు, ఇనుప యుగాల నాటి శిశువుల సమాధుల్లో ముక్కు ఉన్న చిన్న మట్టిగిన్నెలు దొరికాయి. వాటిలో పశువుల పాల ఆనవాళ్లు ఉన్నట్టు 2019లో ప్రచురితమైన పరిశోధన నిరూపించింది. తల్లికి పాలు లేకపోతే ముందు దాదిని, ఆమె కూడా దొరక్కపోతే మేకపాలనో ఆవుపాలనో ఆయుర్వేద గ్రంథాలు సూచించాయి. మధ్యయుగాల్లో ఐరోపా సంపన్నులు దాదులను ఆశ్రయించారు. తెలుగు ఇళ్లలో బిడ్డకు పాలు పట్టే ఉగ్గుగిన్నె ఉండేది. ఈ చరిత్రలో ముఖ్యంగా గమనించాల్సింది ఒకటుంది: పోతపాలు బిడ్డను బతికించాయా, చంపాయా అన్నది పాల రకం ఒక్కటే తేల్చలేదు. కలిపే నీళ్లు, సీసా శుభ్రత, ఇంటి ఆదాయం, దగ్గరుండి చెప్పే మనిషి కూడా అంతే తేల్చాయి.

పందొమ్మిదో శతాబ్దం ఇందుకు గట్టి సాక్ష్యం. 1845లో న్యూయార్క్‌కు చెందిన ఎలైజా ప్రాట్ రబ్బరు పాలపీకకు పేటెంటు పొందాడు. 1860ల్లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ తన శిశు ఆహారాన్ని ప్రకటించగా, 1867లో స్విట్జర్లాండ్‌లోని వెవేలో హెన్రీ నెస్లే పాలపిండి తయారుచేశాడు. అదే కాలంలో పొడవాటి రబ్బరు గొట్టం తగిలించిన గాజుసీసాలు ఇంగ్లండు, ఫ్రాన్స్ ఇళ్లలోకి వచ్చాయి. ఎవరూ పట్టుకోనక్కర్లేకుండా బిడ్డ పడుకునే పాలు పీల్చుకునేది కాబట్టి, పనికి పోయే తల్లులకు అవి సౌకర్యంగా ఉండేవి. కానీ గొట్టం లోపలి భాగం కడగడం దాదాపు అసాధ్యం. అక్కడ పాలు విరిగి క్రిములు పెరిగేవి. జనం వాటిని హంతక సీసాలన్నారు, వైద్యులు ఖండించారు, అయినా దశాబ్దాలపాటు అమ్ముడుపోయాయి. 1910లో ఫ్రాన్స్ వాటిని నిషేధించింది. ఈలోగా 1886లో రసాయన శాస్త్రవేత్త సాక్స్‌లెట్ ఇంట్లోనే సీసాపాలు మరిగించే పరికరాన్ని రూపొందించాడు. 1892లో పారిస్ షారిటే ఆసుపత్రిలో వైద్యుడు పియెర్ బ్యుడాఁ శిశు సలహా కేంద్రం ప్రారంభించాడు. క్రమంతప్పక బిడ్డ బరువు తూచి, చనుబాలే ఇమ్మని తల్లిని ప్రోత్సహించి, అవి చాలనప్పుడే శుద్ధిచేసిన ఆవుపాలు ఇచ్చేవాడు. ఇది మెచ్చదగిన క్రమం. 1894లో ఫ్రాన్స్‌లోనే ఫెకాంలో వైద్యుడు లేయోఁ ద్యుఫూర్ ఇలాంటి కేంద్రమే నెలకొల్పాడు. ఆవుపాలు అవే, సీసాలూ సీసాలే, మారింది చుట్టూ ఉన్న ఏర్పాటు.

ఇరవయ్యో శతాబ్దంలో డబ్బాపాలు ఆ ఏర్పాటు లేని దేశాలకు చేరాయి. బిడ్డ చీకే కొద్దీ తల్లికి పాలు ఊరతాయి. పుట్టిన తొలి వారాల్లో సీసాతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము తక్కువగా చీకుతుంది, దాంతో పాలు తగ్గుతాయి, తగ్గాయని మళ్లీ సీసా పడతారు. వెనక్కి మళ్లడం సాధ్యమే గానీ ఓపిక, తోడు కావాలి. అందుకే ప్రసూతి ఆసుపత్రుల్లో ఉచితంగా పంచిన డబ్బా చిన్న కానుక కాదు. అది అయిపోయేసరికి తల్లికి పాలు తగ్గిపోయేవి, కొనుక్కోక తప్పేది కాదు. డబ్బు చాలని ఇళ్లలో పొడి తగ్గించి నీళ్లు ఎక్కువ పోసేవారు. 1939లో సింగపూర్‌లో డాక్టర్ సిసిలీ విలియమ్స్, తీపి కలిపిన డబ్బాపాలను పసిపిల్లలకు అంటగట్టే ప్రచారం హత్యతో సమానమని బహిరంగంగా అన్నారు. ఎంతో ధైర్యమున్న మాట అది. 1974లో బ్రిటన్ సంస్థ వార్ ఆన్ వాంట్ ఇదే విషయంపై పుస్తకం వెలువరించింది, 1977లో అమెరికాలో నెస్లే బహిష్కరణ ఉద్యమం మొదలైంది. 1981 మేలో ప్రపంచ ఆరోగ్య సభ 118 ఓట్లతో తల్లిపాల ప్రత్యామ్నాయాల మార్కెటింగ్ నియమావళిని ఆమోదించింది. వ్యతిరేకించింది అమెరికా ఒక్కటే.

పోతపాలే లేకపోతే తల్లిలేని బిడ్డలు, జబ్బుపడ్డ తల్లుల బిడ్డలు ఏమవుతారన్న అభ్యంతరం న్యాయమైనది. నియమావళి కూడా అమ్మకాన్ని కాక ప్రచారాన్నే ఆపమంది. జాగ్రత్తలు నేర్పితే చాలదా అన్నది మరో ప్రశ్న. శుభ్రమైన నీరు, వంటచెరకు, కొనే స్తోమత ఉన్నచోట చాలవరకు చాలుతుంది. అవి లేనిచోట చాలదు. బోట్స్‌వానాలో హెచ్‌ఐవి ఉన్న తల్లుల బిడ్డలకు ప్రభుత్వమే సదుద్దేశంతో డబ్బాపాలు ఉచితంగా ఇచ్చింది. 2006 ఆరంభంలో భారీ వర్షాలకు నీరు కలుషితమై అతిసారం ప్రబలినప్పుడు, ఆసుపత్రి పాలైన పసిపిల్లల్లో అత్యధికులు తల్లిపాలు తాగనివారే. నేర్పిన జాగ్రత్తలు ఆ నీళ్లను శుభ్రం చేయలేకపోయాయి.

భారతదేశంలో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు గేదెపాలతో శిశు ఆహారం తయారుచేసే విధానం కనుగొనగా, అమూల్ దాన్ని ఉత్పత్తి చేసింది. 1992లో శిశుపాల ప్రత్యామ్నాయాలు, పాలసీసాల చట్టం వచ్చింది, 2003లో దాన్ని కట్టుదిట్టం చేశారు. ప్రకటనలు, ఉచిత నమూనాలు, డబ్బాపై పసిపిల్లల బొమ్మలు నిషిద్ధం. తల్లి పాలివ్వలేని నవజాత శిశువుల కోసం 1989లో ముంబయి సయన్ ఆసుపత్రిలో తల్లిపాల బ్యాంకు ఏర్పడింది. హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలోనూ ఇప్పుడు అలాంటి బ్యాంకు పనిచేస్తోంది.